మంగాయమ్మ గారు ఫోటోలో నవ్వరు

2022లో నేను రాజమండ్రి నుంచి ధవళేశ్వరం వెళ్ళే దారిలో ఒక సీనియర్ లివింగ్ కమ్యూనిటీలో పనిచేసేదాన్ని. దాన్ని వృద్ధాశ్రమం అంటే అక్కడ ఎవరూ ఊరుకునేవారు కాదు. ఎవరి గది వాళ్ళది, ఎవరి తాళం వాళ్ళది. వంట, నర్సు, ఫిజియోథెరపీ మాత్రం అందరికీ కలిపి. నేను పుట్టి పెరిగింది హైదరాబాద్. కోపం ముక్కు మీదే ఉంటుంది. అండీ, గారూ లేకుండా మాట్లాడితే ఇక్కడ మంచినీళ్ళు కూడా పుట్టవని మొదటి వారంలోనే అర్థమైంది.

నా పోస్టు పేరు ఫ్యామిలీ కోఆర్డినేటర్. ఇంట్లోవాళ్ళకీ, లోపల ఉన్నవాళ్ళకీ మధ్య మాట మోసే పని. అందులో ముఖ్యమైంది డైలీ అప్‌డేట్. అంటే రోజూ ఒక్కొక్కరికీ ఒక ఫోటో తీసి, కింద రెండు లైన్లు రాసి, వాళ్ళ కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టడం. టిఫిన్ తిన్నారు, వాకింగ్ చేశారు, బీపీ నార్మల్. ఫోన్ పట్టుకుని కూర్చుంటే తిట్లే కాదు, జీతం కూడా ఇస్తారని నాకు అక్కడే తెలిసింది.

మంగాయమ్మ గారిది తణుకు దగ్గర వ్యవసాయం కుటుంబం. భర్త పోయి చాలా ఏళ్ళయింది. తుంటి ఎముక విరిగి ఆపరేషనయ్యాక ఫిజియోథెరపీ కోసం షార్ట్ స్టేలో చేరారు. షార్ట్ స్టే అంటే కొన్ని వారాలుండి వెళ్ళిపోవడం. నడక బాగా వచ్చాక కూడా, "ఇంకొన్నాళ్ళు చూసుకుని వెళ్తాలే" అంటూ ఉండిపోయారు. ఒక్కడే కొడుకు, సత్యనారాయణ గారు. తణుకులో ఎరువుల షాపు. ఆవిడకి సత్తిబాబు. ప్రతి ఆదివారం భార్యని తీసుకుని వచ్చేవారు.

ఈవిడతో నా గొడవల్లా ఫోటోతోనే. నేను ఫోన్ ఎత్తగానే కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, చూపు కిందకి దించి, ఇంట్లో ఎవరో పోయినట్టు మొహం పెట్టేసేవారు. "కొంచెం నవ్వండి మంగాయమ్మ గారూ" అంటే, "నవ్వుకేం తక్కువమ్మా, తియ్యి" అనేవారు. ఆ మొహం మాత్రం మారేది కాదు.

కానీ అదే మనిషిని సాయంత్రం నాలుగింటికి చూడాలి. టీ అయ్యాక యాక్టివిటీ హాల్లో, కిటికీ పక్క బల్ల దగ్గర, పదమూడు ముక్కల రమ్మీ. పందెం చింతపిక్కలు. ఆవిడకి ఎదురుగా మూర్తి గారు, తాలూకాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. పక్కన సువార్తమ్మ టీచర్ గారు, లూథరన్ బళ్ళో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. మొదట్లో టీచర్ గారు ఆడేవారు కాదు. చూస్తాను, అంతే అన్నారు. వారం తిరక్కుండానే చేతిలో ముక్కలున్నాయి.

"ఏంటి టీచర్ గారూ, చర్చిలో తెలిస్తే?" అన్నాను ఒకసారి.

"పాస్టర్ గారు వచ్చేది ఆదివారమమ్మా. ఇది మంగళవారం," అన్నారు ముక్కలు సర్దుకుంటూ.

ఆ బల్ల దగ్గరికి ఫోన్ తెస్తే మంగాయమ్మ గారు ఆట ఆపేసేవారు. "అది అవతల పెట్టి రా అమ్మాయ్." అందుకే ఆ నవ్వు ఒక్కటి కూడా నా ఫోన్లో లేదు.

అంత బాగా ఆట ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే ఒకరోజు చెప్పారు. నాట్లు అయిపోయి, ముసురు పట్టిన రోజుల్లో ఆవిడ భర్త, ఇంకో నలుగురు రైతులు అరుగు మీద పేకాడేవారట. ఈవిడ కాఫీలు ఇచ్చి లోపలికి వచ్చేయాలి. వచ్చి తలుపు వెనకాల నిలబడేవారు. అక్కణ్ణుంచి ఆయన భుజం మీదుగా ముక్కలన్నీ కనిపించేవి.

"ఆయన తప్పు ముక్క పడేయబోతే నేను దగ్గేదాన్ని. చెయ్యి ఆగిపోయేది. ఇంకో ముక్క వేసేవారు."

"మిగతావాళ్ళకి తెలియలేదా?"

"ఊరంతా నాకు ఆయాసం అనుకునేవారు."

"మీరు ఆయనతో ఎప్పుడూ ఆడలేదా, ఇంట్లో, ఇద్దరే?"

"ఆడవాళ్ళు పేకాడ్డమేంటమ్మా," అన్నారు, చేతిలో ముక్కలు విసనకర్రలా పరుచుకుంటూనే.

ఇలా ఉండగా సత్యనారాయణ గారి ఫోన్ వచ్చింది.

"కీర్తన గారూ, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మా అమ్మకి అక్కడ ఏం తక్కువైందండి?"

"ఏమీ తక్కువ కాలేదండి. చాలా బాగున్నారు."

"రోజూ మీరు పంపే ఫోటోలు చూస్తున్నాను కదండి. మొన్న మా పెద్దాపురం పిన్ని చూసి ఏడ్చేసింది. మీ అమ్మని ఎక్కడ పడేశావురా అంది."

నాకు చర్రుమంది. "మేం పడేసినట్టు చూడట్లేదండి ఇక్కడ. కావాలంటే వచ్చి అన్నం తిని చూడండి." ఆయన మాత్రం గొంతు పెంచలేదు. "మీ తప్పని కాదండి. మా తప్పే. అమ్మని తీసుకెళ్ళిపోతాం" అన్నారు. కింద గది ఖాళీ చేయించారట. బాత్రూంలో పట్టుకోడానికి స్టీలు కడ్డీలు వేయించారట. పగలంతా తోడుండడానికి మనిషిని కుదిర్చారట. పై ఆదివారం మూవ్-ఔట్, అంటే గది ఖాళీ చేసి వెళ్ళిపోవడం. ఆవిడకి కూడా అప్పటికే ఫోన్ చేసి చెప్పేశారు.

నేను గదికి పరిగెత్తాను. ఆవిడ మంచం మీద కూర్చుని ఉన్నారు. కొంగు కప్పుకోలేదు, చూపు దించలేదు. కిటికీలోంచి ఊరికే బయటికి చూస్తున్నారు. అసలు దిగులు ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. ఫోటోల్లో మొహానికీ దీనికీ పోలికే లేదు.

"మీకు వెళ్ళాలని ఉందా?"

"సత్తిబాబు అంతా సిద్ధం చేసుకున్నాడమ్మా. కాదంటే బాగుంటుందా?"

"నేను అడిగింది అది కాదండి. మీకు వెళ్ళాలని ఉందా లేదా?"

దుప్పటి మడత సరిచేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఒక్కరోజు ఫోటోలో నవ్వి ఉంటే ఇదంతా వచ్చేదా? నవ్వడానికి మీకేంటండీ అంత కష్టం?"

"తలుపు వెయ్యి," అన్నారు. వేశాను. అప్పుడు చెప్పారు.

"ఆ ఫోటో మా సత్తిబాబు ఒక్కడే చూస్తాడనుకున్నావా? కోడలి పుట్టింటివాళ్ళు, మా చెల్లెలు, మా ఆడపడుచులు, అందరూ చూస్తారు. నేను ఇక్కడ ఇకిలిస్తూ కనిపిస్తే ఏమంటారు? కొడుకింట్లో లేని సుఖం ఇక్కడ దొరికిందా, అయితే వాళ్ళు సరిగ్గా చూడలేదన్నమాటే అంటారు. నా కోడలు బంగారం. పొద్దున్నే బడిలో ఉద్యోగానికి వెళ్తుంది. వాడు షాపుకి వెళ్తాడు. సాయంత్రం దాకా నేనూ, టీవీ. అది వాళ్ళ తప్పా? నా నవ్వుతో వాళ్ళకి మాట రానిస్తానా?"

కొడుకు పరువు కోసం ఈవిడ దిగులుగా కనిపించారు. ఆ దిగులు చూసి కొడుకు ఈవిడని తీసుకెళ్ళిపోతున్నారు.

"ఇదే మాట ఆయనతో చెప్పండి."

"ఏమని? మీ ఇంటికి రాను, ఇక్కడే బాగుందనా? కన్నకొడుకుతో అనే మాటేనా అది? నువ్వు కూడా అనకు. మాటివ్వు."

ఇచ్చాను. హైదరాబాద్‌లో మా ఇంట్లో అయితే ఈ విషయం అరుచుకుని పది నిమిషాల్లో తేల్చేసేవాళ్ళం. తలుపులు రెండు దబదబలాడేవి, తర్వాత అందరం కలిసి భోంచేసేవాళ్ళం. ఇక్కడ ఒకళ్ళ మనసు ఒకళ్ళు నొప్పించకూడదని ఇద్దరూ కలిసి మునిగిపోతున్నారు.

చెప్పనని మాటిచ్చాను కానీ, చూపించనని ఇవ్వలేదు. సత్యనారాయణ గారికి ఫోన్ చేశాను.

"గురువారం సాయంత్రం నాలుగున్నరకి ఒకసారి రండి. వస్తున్నట్టు అమ్మగారికి చెప్పకండి."

"ఏమైనా సీరియస్సా అండి?"

"వస్తే మీరే చూస్తారండి."

గురువారం వచ్చారు. షాపు మూసి వచ్చినట్టున్నారు, చొక్కా మీద ఎరువు దుమ్ము అలాగే ఉంది. వంటింటి వైపు వరండాలోంచి తీసుకెళ్ళి, యాక్టివిటీ హాలు కిటికీకి కొంచెం పక్కగా నిలబెట్టాను. లోపల ఆట మంచి ఊపు మీద ఉంది.

"గుమాస్తా గారూ, లంచం ఇస్తే గానీ ఆ ముక్క కదలదా ఏంటి? పడేయండి," అంటున్నారు మంగాయమ్మ గారు.

"ఆలోచించుకోనివ్వండి మరి."

"ముప్ఫయ్యేళ్ళు ఆలోచించే కదండీ మా పొలం పాస్‌బుక్కు ఆపారు."

"మీ పొలం మా తాలూకా కాదండి బాబూ," అన్నారు మూర్తి గారు. సువార్తమ్మ గారు నవ్వు ఆపుకోలేక ముక్కలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. మూర్తి గారు విసుగ్గా ఒక ముక్క పడేశారు. మంగాయమ్మ గారు దాన్ని తీసుకుని, చేతిలోవన్నీ బల్ల మీద చరిచినట్టు పరిచి, "షో" అన్నారు. తర్వాత నవ్వారు. చింతపిక్కలు రెండు చేతులతో ఒళ్ళోకి లాక్కుంటూ, తల వెనక్కి వాల్చి, దగ్గొచ్చేదాకా నవ్వారు.

నేను కొడుకు మొహం చూశాను. సంతోషిస్తారనుకున్నాను. ఆయన కిటికీ ఊచ పట్టుకుని అలా ఉండిపోయారు.

"మా నాన్నగారు ఇలాగే చరిచేవారండి," అన్నారు. ఊచ వదలకుండానే, "అమ్మ ఇంత గట్టిగా నవ్వుతుందని నాకు తెలీదు" అన్నారు.

ఆవిడ దేనికి భయపడ్డారో నాకు అప్పుడు తెలిసింది. ఈ నవ్వు ఈయనకి నిజంగానే గుచ్చుకుంది.

"లోపలికి వెళ్దాం రండి," అన్నాను.

"వద్దండి. నేనొచ్చినట్టు చెప్పకండి."

"మరి ఆదివారం సంగతేంటండీ? తీసుకెళ్ళిపోతారా ఇంకా?" నా గొంతు లేచింది. ఆయన చెయ్యి ఎత్తి దణ్ణం పెట్టినట్టు చేసి, చెప్పుల చప్పుడు కాకుండా కారు దగ్గరికి వెళ్ళిపోయారు. కారెక్కి చాలాసేపు స్టార్ట్ చేయలేదు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. ఉన్నది కూడా పాడు చేశానేమో అనిపించింది.

ఆదివారం పొద్దున్నే మంగాయమ్మ గారి పెట్టె కట్టేసి ఉంది. సువార్తమ్మ గారు తెల్లచీర కట్టుకుని, బైబిలు చంకలో పెట్టుకుని, చర్చికి వెళ్ళకుండా గుమ్మంలో నిలబడ్డారు. "ఆరాధన రెండోది కూడా ఉందిలే," అన్నారు నేను అడక్కుండానే. మూర్తి గారు పేపరు తిరగేసి పట్టుకుని వరండాలో కూర్చున్నారు.

కొడుకూ కోడలూ వచ్చారు. మంగాయమ్మ గారు లేచి కొంగు సర్దుకున్నారు. సత్యనారాయణ గారు పెట్టె వంక చూశారు, నేల వంక చూశారు.

"అమ్మా, చిన్న ఇబ్బందొచ్చి పడిందే."

"ఏంటి నాయనా?"

"ఇంటికి పెయింట్లు మొదలెట్టించాం. ఆ వాసన నీకు పడదు. పనోళ్ళేమో సరిగ్గా రావట్లేదు. ఒక రెండు నెలలు పట్టేలా ఉంది."

"అవునండీ అత్తయ్య గారూ," అంది కోడలు, "ఇల్లంతా సామాన్లే. అడుగు పెట్టే చోటు లేదు."

మంగాయమ్మ గారు కొడుకుని పైనుంచి కిందకి చూశారు. తర్వాత మెల్లగా చూపు దించి, నాకు బాగా అలవాటైన ఆ ఫోటో మొహం పెట్టారు.

"ఏం చేస్తాం నాయనా. రెండు నెలలు ఎలాగో సర్దుకుంటాలే."

వెనకాల సువార్తమ్మ గారు బైబిలు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుని చర్చికి బయల్దేరారు.

రెండు నెలలయ్యాక బాత్రూం టైల్స్ లేచిపోయాయి. ఆ తర్వాత మేడ మెట్లు పగలగొట్టి కట్టిస్తున్నారు. ఆ తర్వాత దోమల మెష్‌లు. ఆదివారం ఆదివారం సత్యనారాయణ గారు కొత్త ఇబ్బంది మోసుకొచ్చేవారు. ఆవిడ నిట్టూర్చి సర్దుకునేవారు. చుట్టాలు అడిగితే చెప్పడానికి ఇద్దరికీ ఒక మాట ఉండేది. కొడుకు రమ్మంటున్నాడు, తల్లి వెళ్దామనే చూస్తోంది, ఇల్లే తెమలట్లేదు. నా ఫోటోలు కూడా మామూలే. కొంగు, దించిన చూపు, కింద నేను రాసే రెండు లైన్లు. పెద్దాపురం పిన్ని గారు ఏడుస్తూనే ఉన్నారేమో మరి.

నేను ఆ ఉద్యోగం మానేసి హైదరాబాద్ వచ్చేసే ముందు ఆదివారం. ఆగస్టు. గోదావరి పోటు మీద ఉంది, మూడు రోజులుగా ఒకటే వాన. సత్యనారాయణ గారు గొడుగు మడిచి, తల తుడుచుకుని, మంచం పక్కన కూర్చున్నారు. పాపం అన్ని ఇబ్బందులూ అయిపోయినట్టున్నాయి. కాసేపు ఆలోచించి, "బోరు ఎండిపోయిందమ్మా. ఇంట్లో చుక్క నీళ్ళు లేవు" అన్నారు.

బయట చూరుల్లోంచి ధారలు కారుతున్నాయి. మంగాయమ్మ గారు కిటికీ వైపు చూశారు, కొడుకు తడిసిన చొక్కా చూశారు.

"ఎండలు అలా మండిపోతున్నాయి మరి," అన్నారు.

ఇద్దరూ నవ్వలేదు. నేను మాత్రం ఫోన్ వచ్చినట్టు నటించి బయటికి వచ్చేశాను.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఇలాంటి చోటే పని చేస్తున్నాను. కొత్తగా చేరిన పిల్లలకి డైలీ అప్‌డేట్ పని నేర్పేది నేనే. కోపం పెద్దగా తగ్గలేదు, అది వాళ్ళని అడిగితే చెప్తారు. ఫోటోలో మొహం చూసి బాగున్నారు, బాగోలేదు అని రాసేస్తే మాత్రం ఊరుకోను. ఈ ఫోటో ఎవరెవరు చూస్తారని అందులో ఉన్నవాళ్ళు అనుకుంటున్నారో అది కనుక్కుని రమ్మని మళ్ళీ పంపిస్తాను.