నలభై ఒకటో ఫారం

ఉదయగిరి కొండ మెట్ల కాడ సుమయా చచ్చిపోయినోడి చేత సర్వే ఫారం నింపించిందని ఊరంతా అంటాది. చూసినోళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

సుమయా చెక్క స్పూన్లు చెక్కే బర్కతుల్లా కూతురు. ఆయన శుక్రవారం శుక్రవారం కొండ మీది మసీదుకి పోతా, పోయిన వానాకాలంలో పాచిపట్టిన మెట్టు మీద జారి లోయలో పడినాడు. ఆ చప్పుడు వింజమూరు దాకా ఇనబడిందంట! మెట్టు పక్కన పట్టుకోడానికి ఇనప కమ్మీ ఉండుంటే బతికుండేవాడు. అప్పట్నించీ సుమయాకి నిద్రలో కూడా కమ్మీ ధ్యాసే.

అప్పుడే నెల్లూరు నుంచి టూరిజం సర్వేకని రామనారాయణ సారు దిగినాడు. జనం సెలవు రోజు ఈ కొండకి వస్తారా, సోమశిల డ్యాముకి పోతారా? దూరమెంత, ఖర్చెంత, ఏడాదికి ఎన్నిసార్లు? అంతా కంప్యూటర్లో పోస్తే తేలిపోతాదంట. గెలిచిన చోటికే గవర్నమెంటు డబ్బు. కొండ గెలిస్తే మెట్లకి కమ్మీ. ఫారాలు రాసే పని సుమయాకి దొరికింది.

జనమేరీ? ఆత్మకూరోళ్ళకి డ్యాం దగ్గర, ఆడ చేపల వేపుడు గూడా ఉండాది. ఈడ మేకలు తప్ప ఎవురొస్తారు? నెలంతా కూర్చుంటే నలభై ఫారాలు. ఇంకోటి కలిపి ఇచ్చింది.

దాన్ని చూసి సారు కళ్ళద్దాలు తీసినాడు. "ఏందమ్మా ఇది? యాభై రెండు సార్లు వచ్చినాడా? దూరం సున్నా, ఖర్చు సున్నా?"

"ఆయన ఆడనే ఉంటాడు సార్."

"కొండ మూసేస్తే యాడికి పోతావంటే అందరూ డ్యాం అన్నారు. ఈయనేమో ఇంకెక్కడికీ పోయేదానికి లేదంటాడు. ఇట్టాంటోడుంటే నా లెక్క నిలబడదు. మనిషిని చూపించు, లేదంటే ఫారం కొట్టేస్తా."

మిట్టమధ్యాహ్నం సారుని కొండెక్కించింది. పాచి మెట్టు కాడ ఆగి, లోయలోకి వంగి నాయన్ని పిలిచినట్టు, "అబ్బా, సారొచ్చినాడు" అనింది.

ఆకు కదల్లేదు. కింద లోయలో నుంచి చెక్క చెక్కుతున్న చప్పుడు... టక్, టక్. ఆగింది. మళ్ళీ ఇంకాస్త దగ్గరగా.

దిగొచ్చేసరికి సారు పది కేజీలు తగ్గినాడంటారు. ఫారం కొట్టెయ్యలా. ఎండాకాలానికి కమ్మీ పడింది, ఆ ఒక్క మెట్టుకే.

మొన్న పక్కింటి బీబమ్మ ఉండబట్టలేక అడిగేసింది. "ఏందే సుమయా, మీ అబ్బ నిజంగా ఫారానికి జవాబులు చెప్పినాడా?"

"థూ! నేను ఫారమే రాయలా, ఏ సారూ రాలా. పనీపాటా లేనోళ్ళ మాటలు" అనింది సుమయా, రెండు కంచాలు కడుగుతా. "అసలు మా అబ్బ పోయినాడని నీకెవురు చెప్పినారు? శుక్రవారం రా, ఆయన్నే అడుగుదువు."