వడ్ల చిలకా, ఉన్ని చిమ్మెటా

బర్మామైన్స్ బస్తీలో మా జయకుమారి రెక్కల పురుగును అరచేతిలో పెట్టుకుని ఊరూ పేరూ అడుగుతుంది. అది చెబుతుంది. సరే, చెప్పదు. కానీ ఆమె అడగడం మాత్రం నేను విన్నాను.

పర్సుడీహ్ ధాన్యం మండీలో ఇరవై ఏళ్లు బియ్యం చెరిగిన మనిషి. ఇప్పుడు మా చర్చిలో పిడికెడు బియ్యానికి కాపలా. మా ఆడవాళ్లు రోజూ ఎసట్లో పోసేముందు ఒక పిడికెడు పక్కన పెట్టి, ఆదివారం తెచ్చి చర్చి డబ్బాల్లో పోస్తారు. నెలాఖరుకి అవి పదకొండు మంది విధవరాండ్ర ఇళ్లకు వెళ్తాయి. ఆ గది తాళంచెవి జయకుమారి కొంగున ఉంటుంది.

మొన్న సెప్టెంబరులో, బియ్యం పంచే ఆదివారం, తలుపు తీసేసరికి గోడ నిండా గడ్డిరంగు పురుగులు. సంఘపెద్ద ధర్మరాజు గొంతు లేచింది.

"వడ్ల చిలకలు! గింజలో పుట్టీ పురుగులు. బియ్యం పుచ్చిపోనాయి. ఆవులకి పారబోయండి. తాళంచెవి ఇలా ఇచ్చియ్యమ్మా."

బయట విధవరాండ్రు ఖాళీ సంచులతో నిలబడ్డారు. డబ్బాలు తోసుకుపోవడానికి వచ్చిన ఠేలాబండివాడు అప్పుడే మొదటి డబ్బా మీద చెయ్యి వేశాడు.

"రుకో భయ్యా!" అంది జయకుమారి. "పెద్దయ్యగారూ, ముందు అదేటో సూడనీండి."

"ఏటి సూత్తావు? అన్నీ ఒకలాగే ఉంతాయి."

"మీకు ఉంతాయి. బాబాయ్, నీ భూతద్దం ఇలా తే."

ఒకదాన్ని పట్టి, నేనిచ్చిన అద్దం కింద పెట్టింది. "వడ్ల చిలకైతే తల నున్నగా ఉంతాది, మూతికాడ రెండు కొమ్ములు పైకి లేచుంతాయి. నువ్వెవరివే? సూడండి, నెత్తి మీద ఎర్రజుట్టు రేగిపోయుంది. ఇది ఉన్ని తినీ చిమ్మెట."

"అద్దంలో ఏదైనా కనపడతాది."

"అయితే కిటికీ తియ్యి, బాబాయ్. ఉన్ని పురుగుకి ఎలుగు గిట్టదు."

తీశాను. వెలుగు పడగానే పురుగులన్నీ చీకటి కోసం పరుగెత్తి, డబ్బాల మీద కప్పిన దుప్పట్ల మడతల్లో దూరాయి. క్రిస్మస్‌కి పంచాల్సిన ఉన్ని దుప్పట్లు. ఎలకలు రాకుండా వాటిని డబ్బాల మీద కప్పించింది ధర్మరాజే.

జయకుమారి ఆ మాట ఎత్తలేదు. డబ్బా మూత తీసి మోచేతి దాకా చెయ్యి ముంచి, అడుగు నుంచి గుప్పెడు బియ్యం తీసి చేటలో పోసింది. గూడు లేదు, పిండి రాలలేదు. ధర్మరాజు చేటలో వేళ్లు పెట్టి కెలికి చూశాడు. తర్వాత దుప్పట్లన్నీ తనే ఎత్తుకుని ఎండలోకి నడిచాడు.

మొదటి సంచి ముందుకు వచ్చింది.

ఇదంతా రాసి జయకుమారికి చదివి వినిపించాను.

"ఏటి బాబాయ్ ఈ కోతలు? ఆ ఆదివారం నాను చర్చికే రానేదు. పురుగులూ నేవు, ఏటీ నేదు. ధర్మరాజుగారు అలాటోరు కారు."