సింధూరం పూసిన పాస్‌పోర్టులు

పనీ షికారూ కలిసిన వీసా ఒకటుందన్న కబురు మా ఇంటికి మొదట మోసుకొచ్చింది కింది పోర్షన్‌లో అద్దెకుండే గుంటూరు పిన్నిగారు. పేపర్లో పెట్టి పంచిన కరపత్రం చేతబట్టుకుని, మెట్లెక్కిన ఆయాసంతోనే చెప్పారు.

"ముప్పై ఏళ్ళలోపు పిల్లలకటండీ. ఏదో తెల్లవాళ్ళ దేశంలో ఏడాదిపాటు ఉండి, తోటల్లో పళ్ళు కోసుకుంటూ, హోటళ్ళలో పనిచేసుకుంటూ దేశమంతా చూసి రావచ్చట. ఆఫీసు మన దిల్‌సుఖ్‌నగర్‌లోనే. మీ పిల్లని ఓసారి అడగండి."

మా పిల్ల అంటే మా చెల్లెలి కూతురు. నర్సింగ్ చదవడానికి నల్లగొండ పక్క పల్లె నుంచి వచ్చి, కర్మన్‌ఘాట్‌లో మా దగ్గరే ఉండేది. చదువు అప్పుడే పూర్తయింది. మా ఆయన కరపత్రం అటూ ఇటూ తిప్పి చూసి, "పండ్లు తెంపనీకి విమానమెక్కాల్నా? మన బత్తాయి తోటలకేం రోగమొచ్చింది?" అన్నారు.

"బత్తాయి తోటల తెంపితే లోకం కనవడ్తదా పెద్దబాపూ?" అని పిల్ల ఆ కాగితం లాక్కుంది.

నేను బడికి పోయినదాన్ని కాదు. మా నాయన ఇంట్లో కూర్చోబెట్టి దిద్దించిన అక్షరాలే నా చదువు. ఆ అక్షరాలిచ్చినందుకు దేవుడికి రోజూ దణ్ణం పెట్టుకుంటాను. పిల్ల నాకంటే ఎక్కువ చూడాలని నాకూ ఉండింది.

ఆఫీసు మేడమీద. లోపలికి పోగానే నిలువెత్తు ఆంజనేయస్వామి పటం, ఊపిరాడనంత అగరొత్తుల పొగ. పటం పక్కనే సముద్రపుటొడ్డున సగం బట్టలతో పడుకున్న తెల్లవాళ్ళ బొమ్మలు. ఏజెంటు మా జిల్లావాడే. కోడిగుడ్డు పఫ్ తిన్న చేతిని ప్యాంటుకు తుడుచుకుని, అదే చేత్తో పటానికి మొక్కి, ఫీజు డబ్బులతోపాటు పిల్ల పాస్‌పోర్టూ ఒరిజినల్ సర్టిఫికెట్లూ తీసుకున్నాడు.

"అక్కా, మంగళారం అందరి పాస్‌పోర్టులు, సర్టిఫికెట్లు ఎర్రగుడ్డల కట్టి కర్మన్‌ఘాట్ స్వామి పాదాల కాడ పెట్టిస్త. ఒక్కసారి పాదాల కాడ పెట్టినంక వీసా ఒచ్చేదాంక ఇంటికి తీస్కపోవద్దు. తీస్కపోతే స్వామిని నమ్మనట్లే."

వీసాలొచ్చినవాళ్ళవట, స్వామి దగ్గర్నుంచి తెచ్చానంటూ ఒక మూట విప్పి చూపించాడు. ప్రతి పాస్‌పోర్టు అట్ట మీదా చిక్కటి సింధూరం. నేను వేలితో తాకి కళ్ళకద్దుకున్నాను. ఆ గదిలో మావాళ్ళూ ఉన్నారు, కోస్తావాళ్ళూ ఉన్నారు. తెలంగాణ ఉద్యమం రోజులు. రోడ్డు మీద ఒకరి మొహం ఒకరు చూడటానికే ఇబ్బంది పడేవాళ్ళు. ఆ మూట ముందు మాత్రం అందరివీ ఒకేలా వంగిన తలలు.

నెలలు గడిచాయి. వీసా జాడ లేదు. ఈలోపు ఎల్‌బీ నగర్‌లోని ఒక ఆసుపత్రి నుంచి పిల్లకు పిలుపొచ్చింది. సోమవారం ఒరిజినల్స్ తెస్తేనే డ్యూటీ, లేకుంటే ఆ పోస్టు ఇంకొకరికి. చేతిలోకొచ్చిన మొదటి ఉద్యోగం. పిల్లా నేనూ పరుగున పోయాం.

ఏజెంటు మెడలో ఉద్యమ కండువా. "గీ బంద్‌లు, సమ్మెలు అయిపోనియ్యక్కా. రాష్ట్రం కోసం పోరగాళ్ళు లాఠీలు తింటుంటే నీకు కాయితాల రందా? జర జై తెలంగాణ అను."

ప్రతి ర్యాలీకీ కాళ్ళు వాచేలా నడిచొచ్చే పిల్ల అది. వాడి కళ్ళలోకి సూటిగా చూసింది. "జై తెలంగాణ. నా పాస్‌పోర్టు, సర్టిఫికెట్లియ్యి."

"అన్నీ స్వామి కాడున్నయ్. నడుమల తెస్తే అరిష్టం."

అక్కడి నుంచి నేను నేరుగా గుడికి పోయాను. పూజారిగారు నా మాట విని గంధం గిన్నె పక్కన పెట్టారు. "అలాంటి నియమం ఇక్కడ లేదమ్మా. ఎవరైనా పాస్‌పోర్టు తెస్తే పాదాలకు తాకించి అప్పుడే చేతిలో పెట్టేస్తాం. ఎర్రమూటంటూ ఏదీ మా దగ్గరికి రాలేదు."

ప్రదక్షిణలో నేనెప్పుడూ కోరికలు కోరను. కుళాయిలో నీళ్ళొచ్చినందుకు కూడా కృతజ్ఞత చెప్పుకునే మనిషిని. ఆ రోజు ప్రదక్షిణ చేయకుండానే బయటికొచ్చేశాను. ప్రసాదంలో ఉమ్మి కలిపి నా చేతిలో పెట్టినట్టనిపించింది. కళ్ళకద్దుకున్న ఆ వేలిని కుళాయి కింద ఎంతసేపు రుద్దానో. మోసగాళ్ళు లోకంలో ఎప్పుడూ ఉన్నారు. దేవుణ్ణి తాళంకప్పలా వాడుకున్నవాణ్ణి, ఉద్యమంలో పిల్లలు తిన్న దెబ్బల్ని సాకుగా చెప్పినవాణ్ణి చూడటం నాకదే మొదలు. కోపమైతే చల్లారేది. ఇది అసహ్యం, ఇప్పటికీ చల్లారలేదు.

మర్నాడు బంద్. పిన్నిగారు "నేను చెప్పబట్టే కదండీ ఇదంతా" అని మాతోపాటే నడిచొచ్చారు. ఆఫీసు షట్టరు సగం ఎత్తి ఉంది. ముందు తల్లిదండ్రుల గుంపు, పూజారిగారన్న మాట ఫోన్ల మీద తెలిసి వచ్చినవాళ్ళు. ఏజెంటు లేడు. రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి ఒక్కతే ఉంది. విజయవాడ వైపు పిల్ల, మా పిల్ల ఈడుదే.

"మా పిల్లలను ముంచనీకే ఒచ్చిండ్రు గీ ఆంధ్రోళ్ళు!" అని ఒకాయన అరిచాడు. ముంచినవాడు మా జిల్లావాడని ఆయనకూ తెలుసు. పిన్నిగారి మొహం పాలిపోయింది.

ఆ అమ్మాయి ఏడవలేదు. "తర్వాత తిట్టుకోండి బాబాయ్‌గారూ, ముందు మీవి తీసుకోండి. ఆ వీసా అసలు మన దేశం వాళ్ళకి లేదండి. నాకూ నిన్ననే తెలిసింది. సాయంత్రం వచ్చి ఇవన్నీ పట్టుకుపోతానన్నాడు. అందుకే ముందే వచ్చి తెరిచాను" అంటూ బీరువా తలుపు లాగింది.

ఎర్రమూట అందులోనే ఉంది. దాని పక్కనే, కొట్లో అమ్మే సింధూరం పొట్లం, సగం ఖాళీగా. ఆ అమ్మాయి ఒక్కో పాస్‌పోర్టునూ తన చున్నీతో తుడిచి, ఫొటో చూసి, సర్టిఫికెట్లతో సహా పిలిచి ఇచ్చింది. అరిచినాయన కొడుకుది తీసుకుని, ఆమె మొహం చూడకుండా మెట్లు దిగిపోయాడు.

మా పిల్ల చేతికి పాస్‌పోర్టూ సర్టిఫికెట్లూ వచ్చాక అడిగింది: "మరి నీ సర్టిఫికెట్లు గూడ ఆయన కాడనే ఉన్నయా అక్కా?"

"ఇక్కడ పనిలో చేరినప్పుడే తీసుకుని వాళ్ళింట్లో పెట్టుకున్నాడు. ఇంకేం ఇస్తాడులే. నువ్వెళ్ళు, నీ ఉద్యోగం చూసుకో." చున్నీ నిండా ఎర్రటి మరకలు.

సోమవారం పిల్ల డ్యూటీలో చేరింది. కొన్నాళ్ళకు వాడు వేరే బోర్డు కింద మళ్ళీ దుకాణం పెట్టాడు, అదే పటం తగిలించి. ఆ అమ్మాయి ఎటు పోయిందో, చదువుకున్న చదువుకు రుజువు లేకుండా ఏ పనిలో కుదురుకుందో మాకు తెలియలేదు. పిన్నిగారూ నేనూ హాస్టళ్ళ వెంట తిరిగి అడిగాం. దొరకలేదు.

ఆమె పేరు నాకు తెలుసు గాని, ఆమెను అడక్కుండా ఇక్కడ రాయను. ఇది చదివినవాళ్ళు దేవుడి ముందు నిలబడ్డప్పుడు, మీ వాళ్ళందరి తర్వాతైనా సరే, ఆ అమ్మాయిని ఒక్కసారి తలుచుకోండి.