నల్లగుండీల డబ్బా

మా అక్క దర్జీ. మూడంతస్తుల భవనంలో మెట్ల కింది గది ఆమె కొట్టు. నిటారుగా నిలబడితే తల మెట్టుకు కొట్టుకుంటుంది కాబట్టి ఎంతటివాళ్లయినా వంగే లోపలికి రావాలి. “నాకున్నంత మర్యాద మీ బ్యాంకు మేనేజరుకు కూడా లేదు” అని నవ్వేది. బావ పోయాక పదిహేనేళ్లు ఆ మిషను తొక్కే బతికింది. ఎవరినీ చేయి చాచి అడగలేదు.

నేను బ్యాంకులో గుమాస్తాను. డిపాజిట్ల కౌంటరు నాది. పొదుపు గురించి నాకు తెలిసింది లోకంలో ఇంకెవరికీ తెలియదని నా పొగరు. చావింటికి పరామర్శకు వెళ్లినా వడ్డీ రేట్లు చెప్పకుండా లేచేవాణ్ణి కాదు. నన్ను చూసి చుట్టాలు పక్కసందులోకి తిరిగిపోయేవారని ఈమధ్యే తెలిసింది. తిరిగిపోనివాళ్లలో మా అక్క ఒకతె.

ఆమె పద్ధతి వేరు. మిషను పక్క బల్ల మీద నాలుగు గుండీల డబ్బాలు ఉండేవి. తెల్లగుండీల కింద అద్దె డబ్బు. ఎర్రగుండీల కింద దారాలకూ సూదులకూ. గోధుమరంగు వాటి కింద, ఎప్పటికైనా తల ఎత్తుకుని నిలబడగలిగే సొంత కొట్టు కోసం. నల్లగుండీల కింద ఉన్నది రోగానికీ రొష్టుకూ. రోజూ మిషను మీంచి లేచేముందు ఆనాటి కూలిని నాలుగు వాటాలు వేసేది. ఏ వాటా తగ్గినా నల్లడబ్బా వాటా మాత్రం తగ్గనిచ్చేది కాదు.

ఒకరోజు ఆ డబ్బాలన్నీ బల్ల మీద బోర్లించాను. “డబ్బాలో పడున్న డబ్బు పిల్లల్ని పెడుతుందా అక్కా? అంతా ఐదేళ్ల డిపాజిట్‌లో వేద్దాం.”

“గోధుమరంగుది తీసుకెళ్లు. నల్లది మాత్రం ఉండనీరా. చొక్కా లోపల ఒక గుండీ ఎక్కువ కుట్టిస్తాం కదా, ఊడితే పెట్టుకోడానికి. ఇదీ అంతే.”

“రోగం రాకముందే పీట వేసి పిలుస్తావా? నీకేం తెలుసు, ఊరుకో.”

ఊరుకుంది. మధ్యలో తీసుకోవచ్చా అని మాత్రం అడిగింది. తీస్తే కోత పడుతుంది, ఐదేళ్లూ దాని జోలికే వెళ్లొద్దు అన్నాను. కోత ఎంతో ఆమె అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆరోజే గోధుమరంగు డబ్బాతో పాటు నల్లడబ్బా కూడా ఖాళీ చేసి డిపాజిట్ వేయించాను, ఇకమీద అందులో ఏమీ దాచొద్దన్నాను. ఆ రేటు నిజంగానే మంచిది. నేను అబద్ధం చెప్పలేదని ఎన్నో రాత్రులు నాకు నేనే చెప్పుకున్నాను, ఏం లాభం?

రెండో ఏడు బ్యాంకుకు వచ్చింది. మోకాళ్లు లాగుతున్నాయి, మిషనుకు మోటారు పెట్టించుకుంటాను, కాస్త డబ్బు తీసిస్తావా అంది. వరసలో పదిమంది ఉన్నారు. నాకు ఒళ్లు మండింది. “ఇలాంటి వాళ్లకి నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పినా అంతే. ఇంకో మూడేళ్లు తొక్కితే కాళ్లేమైనా అరిగిపోతాయా?” అన్నాను. వరసలో వాళ్లు నవ్వారు. ఆమె కూడా నవ్వి, సంచి సర్దుకుని వెళ్లిపోయింది. ఆ డబ్బు మాట మళ్లీ నా దగ్గర ఎత్తలేదు.

నాలుగో ఏడు నాకో చొక్కా కుట్టింది. గుండీకీ కాజాకూ పొంతన లేదు. కోడిగుడ్డుకు ఈకలు పీకే రకం నేను, ఊరుకుంటానా? చొక్కా పట్టుకుని కొట్టుకు వెళ్లి, “కళ్లు ఎక్కడ పెట్టుకుని కుట్టావు?” అని అరిచాను. అక్క చొక్కా అందుకుంది. సూదిని పెదవికి ఆనించి, బెజ్జం నాలుకతో తడుముకుని, దారం ఎక్కించబోయింది. దారం పక్కనుంచి పోయింది. మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ పోయింది.

“ఎన్నాళ్లుగా?” అన్నాను.

“ఎడమది ఏడాది దాటింది. కుడిది ఇప్పుడిప్పుడే.”

మర్నాడు నేనే ఆసుపత్రికి తీసుకెళ్లాను. కళ్ల డాక్టరమ్మ పాత చీటీ చూసి నావైపు తిరిగింది. “కంట్లో ఒత్తిడి పెరిగింది, వెంటనే ఆపరేషన్ చేద్దామని ఏడాది కిందటే చెప్పాను. డబ్బు చేతికొచ్చాక వస్తానన్నారు. ఎడమ కంటి చూపు ఇక రాదండీ. కుడిది కాపాడదాం, ఈ వారంలోనే.”

బయట బల్ల మీద కూర్చున్నాక అడిగాను, నాకెందుకు చెప్పలేదని.

“ఐదేళ్లూ జోలికి వెళ్లొద్దన్నావుగా తమ్ముడూ. ఇంకెంత, రెండేళ్ల పైచిలుకే కదా, చుక్కల మందుతో నెట్టుకొద్దామనుకున్నా.” చీటీ మడిచి సంచిలో పెట్టుకుంది. “మళ్లీ అందరిముందూ తిడతావేమోనని కూడా.”

నాకు తల కొట్టేసినట్టయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకునే తెలివి నాది.

అక్కణ్ణుంచి బ్యాంకుకు వెళ్లాం. డిపాజిట్ రద్దు కాగితం నేనే రాశాను. సంతకం పెట్టే చోటు కనిపించక, తన వేలు పట్టుకుని చూపించమంది. చూపించాను. సంతకం వంకరగా గీత దిగువకు జారింది.

“కోత ఎంత పడింది?” అంది.

ఇన్నేళ్లూ చెప్పనిది అప్పుడు చెప్పాల్సి వచ్చింది. ఆమెకు తెలిసే లెక్కలోనే చెప్పాను. “పది చొక్కాల కూలి.”

“పది చొక్కాలా?” వేళ్లు మడిచి చూసుకుంది. “వారం పని.”

నన్ను నాలుగు మాటలు తిట్టినా, ఏడ్చినా తట్టుకునేవాణ్ణి. వరసలో వెనకవాళ్లు ఉన్నారు, కానీ ఆరోజు ఎవరూ నవ్వలేదు. డబ్బు సంచిలో పెట్టుకుని కౌంటరు అంచు పట్టుకుని వెనక్కి తిరిగింది. వెళ్లబోతూ ఆగి, గొంతు తగ్గించి అడిగింది.

“తమ్ముడూ, ఆపరేషన్‌కి పోగా మిగిలితే కాస్త నల్లగుండీల డబ్బాలో వేసుకుంటాను. కోప్పడవుగా?”