డ్రిల్లు మాస్టారి దగ్గు

తాడేపల్లిగూడెంలో ఓ ప్రైవేటు స్కూల్లో ఇమ్మానుయేలు డ్రిల్లు మాస్టారు. పెదపాడు దగ్గర ఓ పల్లెలో పుట్టి, కబడ్డీ ఆడి, ఆ కబడ్డీ మీదే ఉద్యోగం సంపాదించుకున్న మనిషి. నలభై రెండేళ్ళుంటాయి. పదిహేడేళ్ళుగా ఆయన చేసిన పని పిల్లల్ని వరసలో నిలబెట్టడం, ఈల ఊదడం, అంకెలు లెక్కపెట్టడం. ఆయన ఈల వేస్తే రైలుగేటు దగ్గర ఆగిన లారీవాళ్ళు కూడా గేటు ఎత్తేశారనుకుని బండి స్టార్ట్ చేసేవారని స్టాఫ్‌రూములో చెప్పుకునేవారు.

లాక్‌డౌన్ వచ్చి ఆ మనిషికి గ్రౌండు లేకుండా చేసింది. 2020 మార్చిలో స్కూలు మూసేశారు. జూలైలో ఆన్‌లైన్ క్లాసులు మొదలెడుతూ కరస్పాండెంట్ సత్యనారాయణమూర్తిగారు టీచర్లందరితో పాటు ఇమ్మానుయేలుకీ టైంటేబుల్ పంపించారు. ఎనిమిదో తరగతికి రోజూ ఉదయం తొమ్మిది నుంచి తొమ్మిదిన్నర వరకూ డ్రిల్లు. ఫోన్లో డ్రిల్లు ఎలా చెప్పడమండీ అని ఇమ్మానుయేలు అడిగితే, ఫోన్లో లెక్కలు చెప్పేవాళ్ళు చెప్పట్లేదా అన్నారాయన. 

మొదటిరోజు అలవాటు కొద్దీ ఈల వేశాడు. ముప్ఫయ్యొక్క ఇళ్ళలో ముప్ఫయ్యొక్క ఫోన్లు ఒక్కసారి కీచుమన్నాయి. ఒకరింట్లో ఉయ్యాల్లో పిల్ల లేచి ఏడ్చింది. ఇంకొకరింట్లో ముసలాయన కాఫీ గ్లాసు ఒలకబోసుకున్నాడు. మధ్యాహ్నానికల్లా ఈల వాడరాదని కరస్పాండెంట్‌గారి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చేసింది. ఈల కూడా పోయాక ఇమ్మానుయేలు దగ్గర మిగిలినవి అంకెలే, ఒక్కో కసరత్తుకి ఒక్కో అంకె.

భార్య రూబీ అదే స్కూల్లో ఇంగ్లీషు టీచరు. సరిగ్గా ఆ టైముకే ఆవిడ ముందుగదిలో తొమ్మిదో తరగతికి గ్రామరు చెప్పుకునేది. అందుకని ఈయన పెరటి వసారాలో స్టూలు మీద రెండు బియ్యం డబ్బాలు పేర్చి, వాటి మీద ఫోను ఆనించి క్లాసు చెప్పేవాడు. వసారాలోనే నులకమంచం మీద అత్తగారు మార్తమ్మ కూర్చునేది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. ఇల్లు దాటి ఎటూ వెళ్ళలేదు గనక అల్లుడి డ్రిల్లు పొల్లుపోకుండా చూసేది. టీవీలో సీరియళ్ళ షూటింగులు ఆగిపోయాయి కదా, ఆ లోటు ఇది తీర్చింది.

పిల్లలు సామాన్యులు కారు. కొందరు కెమెరాని ఫ్యాను వైపు తిప్పి పెట్టి నోటితో వన్, టూ అనేవారు. కొందరికి ఆ ముప్ఫై నిమిషాలూ నెట్ ఉండేది కాదు. ఒక్క ఇందుజ మాత్రం రోజూ నిండుగా కనిపించేది. అత్తిలి నుంచి స్కూలు బస్సులో వచ్చే పిల్ల. వాళ్ళ పెరట్లో నిలబడి చేతులు బారుగా చాపి, గుంజీళ్ళ దగ్గర్నుంచి అన్నీ చేసేది. మిగతావాళ్ళని ఇందుజని చూసి నేర్చుకోమని ఇమ్మానుయేలు రెండు వారాల పాటు చెబుతూనే వచ్చాడు.

ఓ రోజు క్లాసయ్యాక మార్తమ్మ మంచం మీంచి అంది. “అల్లుడుగారూ, ఆ అత్తిలమ్మాయి వెనకాల ఒక కోడి తిరుగుతుంది చూశారాండీ? మెడ మీద ఈకలు లేనిది.”

చూశానన్నాడు.

“రోజూ నాలుగో లెక్కకే వస్తందండి. వచ్చి, మనకేసి ఓసారి చూసి, కుడిపక్కకి పోతంది. పదిరోజుల్నించి గమనిస్తన్నాను. కోడికి అంత క్రమశిక్షణ ఎక్కడిదండీ?”

మర్నాడు ఇమ్మానుయేలు కళ్ళు కోడి మీదే పెట్టుకుని లెక్క మొదలెట్టాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగు అనగానే కోడి వచ్చింది. ఇటు చూసింది. కుడిపక్కకి పోయింది. ఇందుజ ఒకరోజు డ్రిల్లు చేస్తూ వీడియో తీయించుకుని, వాళ్ళ నాన్న ఫోన్లో ఆ వీడియో పెట్టి, దాన్ని క్లాసు ఫోనుకి ఎదురుగా నిలబెట్టి హాయిగా పోతోందని అర్థమైంది.

ఎవరైనా అయితే ఆ క్షణమే వాళ్ళ నాన్నకి ఫోన్ చేసేవారు. ఇమ్మానుయేలూ చేద్దామనే అనుకున్నాడు. కానీ కోపం రావాల్సినచోట ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. ఆ ఆలోచనకి కారణం ఏలీయా.

ఏలీయా కైకలూరు వైపు నుంచి మోపెడ్ మీద నీళ్ళ డ్రమ్ము కట్టుకుని బతికున్న కొరమేనులు తెచ్చేవాడు. సరిగ్గా తొమ్మిదీ పదికి వీధి మలుపులో హారన్ కొట్టేవాడు. పది నిమిషాల్లో డ్రమ్ము ఖాళీ. మార్తమ్మ మలుపు దాకా నడవలేదు, రూబీ గ్రామరు మధ్యలో లేవలేదు, ఇమ్మానుయేలు నాలుగో లెక్కలో ఉండేవాడు. వీధంతా కొరమేను పులుసు తింటుంటే ఈ ఇంట్లో పప్పుచారు. కొల్లేరు పక్కన పుట్టి పప్పుచారు తినాల్సి వచ్చిందే అని మార్తమ్మ రోజూ మధ్యాహ్నం ప్రార్థన చేసుకునే ముందు ఓ నిట్టూర్పు విడిచేది.

ఆ ఆదివారం ఇమ్మానుయేలు నీలం టీషర్టు వేసుకుని, వసారాలో నిలబడి, ముప్ఫై నిమిషాల క్లాసు వీడియో తీసుకున్నాడు. మధ్యమధ్యలో “వెరీ గుడ్”, “మోకాలు వంచకూడదు”, “వెనకాల మాట్లాడేది ఎవరు?” అని కూడా అన్నాడు. ఏడో లెక్క దగ్గర వంటింట్లో మార్తమ్మ ఎండుమిరపకాయలు వేయించింది. ఆ ఘాటుకి ఆయన మూడుసార్లు గట్టిగా దగ్గి, వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ ఎనిమిది అన్నాడు. మళ్ళీ మొదట్నించి తీసే ఓపిక లేక అలాగే ఉంచేశాడు.

మంగళ, శుక్రవారాలు మాత్రమే ఇందుజ లాగే ఆ వీడియోని క్లాసు ఫోనుకి ఎదురుగా పెడదామనుకున్నాడు. మంగళవారం కొరమేను దొరికింది. శుక్రవారం ఇంకా పెద్దది దొరికింది. బుధవారం చేప వద్దనుకున్నా, వీధి చివర నిలబడి ఏలీయాతో కొల్లేట్లో నీళ్ళ సంగతులు మాట్లాడ్డం బాగుందనిపించింది. రెండోవారానికి అన్నిరోజులూ వీడియోనే. అటు ఇందుజ వీడియో, ఇటు మాస్టారి వీడియో. మాస్టారు వెరీ గుడ్ అనేవారు, ఇందుజ గుంజీళ్ళు తీసేది, కోడి వచ్చి చూసి పోయేది. కరస్పాండెంట్‌గారు రెండుసార్లు క్లాసులోకి వచ్చి చూసి, ఎనిమిదో తరగతి డ్రిల్లు చాలా క్రమబద్ధంగా జరుగుతోందని టీచర్ల గ్రూపులో మెచ్చుకున్నారు. ఆ మెసేజ్ చదివి రూబీ మొగుడి వంక ఒక చూపు చూసింది. పులుసు ఎలా ఉందని అడిగాడాయన. ఉప్పు తక్కువైందంది గానీ, ఇంకో ముక్క వేసుకుంది.

వీడియో క్లాసులకి అది తొమ్మిదోరోజు. ఆ మధ్యాహ్నం గుమ్మంలో వార్డు వాలంటీరూ, ఏఎన్ఎం సుగుణా నిలబడ్డారు. సుగుణ తల నుంచి కాలిదాకా ప్లాస్టిక్ తొడుక్కుని ఉంది.

“మాస్టారండీ, మీరు ఇప్పటికి తొమ్మిదిరోజులు దగ్గారని కబురొచ్చిందండి” అంది.

లేదే అన్నాడు ఇమ్మానుయేలు. లేదనడం సహజమేనండి, అందరూ అలాగే అంటారండి అంది సుగుణ. రోజూ తొమ్మిదీ పదహారుకి మూడు దగ్గులు, ఆయాసంతో వెనక్కి తిరగడం, ఇవన్నీ ఎవరో తేదీలతో సహా చెప్పారట. ఇమ్మానుయేలుకి అప్పుడు వెలిగింది. అది వీడియోలో దగ్గు అని చెబితే మాట కరస్పాండెంట్‌గారి చెవిన పడుతుంది. చెప్పకపోతే ముక్కులో పుల్ల పెడతారు. ఒక్కక్షణం రెండూ తూచి చూసుకుని, కుర్చీలో కూర్చుని తల వెనక్కి వాల్చాడు. రూబీ తలుపు పక్కనే నిలబడి అంతా చూసింది. మాస్కు ఉండబట్టి ఆవిడ నవ్వుతోందో లేదో ఎవరికీ తెలియలేదు.

రిపోర్టు వచ్చేదాకా ఇంట్లోంచి ఎవరూ కదలకూడదన్నారు. సాయంత్రానికి వీధంతా పాకింది. మర్నాడు ఏలీయా ఆ ఇంటి ముందుకొచ్చేసరికి హారన్ ఆపేసి, మోపెడ్ వేగం పెంచి, డ్రమ్ములో నీళ్ళు రోడ్డు మీద ఒలికిపోతున్నా ఆగకుండా పోయాడు. ఆ ఇంట్లో పప్పుచారు మళ్ళీ మొదలైంది.

కరస్పాండెంట్‌గారు ఇమ్మానుయేలుకి సెలవిచ్చి, పేరెంట్స్ గ్రూపులో పెద్ద మెసేజ్ పెట్టారు. ఒంట్లో బాగోకపోయినా, దగ్గు తెరలు తెరలుగా వస్తున్నా, ఒక్కరోజు కూడా క్లాసు మానని గురువు అని రాశారు. కింద దండాలు పెట్టే బొమ్మలు వరసకట్టాయి. శొంఠి కషాయం, మిరియాల పాలు, వామాకు రసం ఎలా కాచుకోవాలో నలభైమంది రాశారు. రూబీ వాటన్నిటినీ అన్నం దగ్గర కూర్చుని పైకి చదివి వినిపించింది. ఇమ్మానుయేలు కంచం పక్కకి జరిపాడు. అబద్ధం ఆడినందుకు తిట్టి ఉంటే ఓర్చుకునేవాడు. దండాలు ఓర్చుకోలేకపోయాడు.

రెండోరోజు సాయంత్రం తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది.

“మాస్టారాండీ? నేను ఇందుజ నాయనమ్మనండీ, నాగరత్నాన్ని. అత్తిలి నుంచి. ఒంట్లో ఎలా ఉందండీ? మీ దగ్గు సంగతి మా వాలంటీరుకి నేనే చెప్పానండి. ఏమనుకోకండి, భయమేసింది.”

మీకెలా తెలిసిందండీ అని అడిగాడు ఇమ్మానుయేలు.

ఆవిడ చెప్పుకొచ్చింది. ఆవిడకీ మోకాళ్ళ నొప్పులే. తణుకు డాక్టరు ఎక్సర్‌సైజు చేయమన్నాడు గానీ ఎలా చేయాలో చెప్పలేదు. ఈలోగా మనవరాలి ఫోను పెరట్లో ఖాళీగా మోగుతుంటే, మాస్టారు శ్రద్ధగా చెబుతుంటే, చూసేవాళ్ళు లేరే పాపం అనిపించి ఫోను పక్కన కుర్చీ వేసుకుంది. మొదట కూర్చుని చేతులు మాత్రం తిప్పింది. తర్వాత కుర్చీ పట్టుకుని నిలబడింది. ఇప్పుడు ముందు గుమ్మం మూడు మెట్లూ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగుతోంది. క్లాసు ఒక్కరోజు కూడా మానలేదు.

పదిహేడేళ్ళలో తన క్లాసు ఇంత ఇష్టంగా చేసినవాళ్ళు ఒకరున్నారని ఇమ్మానుయేలుకి తెలిసింది. ఆ ఒక్కరికీ తాను చూపించింది బొమ్మ. దాంతో మొత్తం చెప్పేశాడు. వీడియో సంగతి, మిరపకాయల సంగతి, కొరమేను సంగతి. చెప్పి, క్షమించమని అడిగాడు.

ఆవిడ మెల్లిగా అంది. “మా పిల్ల కూడా బొమ్మేనండి. నేనూ మీకు చెప్పకుండా దాచేను.”

“తెలుసండి. కోడి చెప్పింది.”

“అయితే అటు మీరూ లేరు, ఇటు మా పిల్లా లేదు. డ్రిల్లు చేసింది నేనొక్కదాన్నే అన్నమాట” అని, ఆవిడ ఇంక ఆపుకోలేక నవ్వడం మొదలెట్టింది. ఇమ్మానుయేలుకీ నవ్వొచ్చింది. మంచం మీద మార్తమ్మ, సంగతేమిటో పూర్తిగా వినపడకపోయినా, వాళ్ళతో పాటు నవ్వింది.

నవ్వడం అయ్యాక నాగరత్నం బేరానికి దిగింది. జరిగింది ఆవిడ ఎవరికీ చెప్పదు. మాస్టారు మాత్రం సెలవు అవ్వగానే మనిషిలా వచ్చి క్లాసు చెప్పాలి. తొమ్మిదింటికి కొరమేను అడ్డమైతే ఏడింటికి పెట్టుకోవాలి. ఇందుజని చెవి పట్టుకుని తెచ్చి నిలబెట్టే పూచీ ఆవిడది. ఆయ్, అలాగేనండి అన్నాడు ఇమ్మానుయేలు.

నాలుగోరోజు నెగెటివ్ అని రిపోర్టొచ్చింది. ఏడింటికి క్లాసు మారుస్తానంటే కరస్పాండెంట్‌గారు మారుమాట్లాడలేదు. ఆరోగ్యం జాగ్రత్త మాస్టారూ అన్నారు. ఇమ్మానుయేలు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, థాంక్సండి అని ఫోను పెట్టేశాడు.

ఏడింటి క్లాసుకి ఇందుజ కళ్ళు నులుముకుంటూ నిజంగానే వచ్చింది. పక్కన నాగరత్నం కుర్చీ. కోడిని గంప కింద మూశారు. మొదటిరోజు ఇందుజ పదో గుంజీకే కూలబడింది, ఆవిడ మాత్రం పదిహేను దాకా లాగింది. అది చూసి ఇంకెవరో పిల్లాడి అమ్మమ్మ తెర మీదకొచ్చింది, తర్వాత ఒక తాతయ్య. వాళ్ళకోసం ఇమ్మానుయేలు కుర్చీలో కూర్చుని చేసేవి ప్రత్యేకంగా తయారుచేశాడు. మార్తమ్మని కూడా మంచం మీంచి లేపాడు. ఆవిడ వారం రోజులు అల్లుణ్ణి నానా మాటలూ అని, ఎనిమిదోరోజున తనే వీధి మలుపు దాకా నడిచి వెళ్ళి ఏలీయా దగ్గర చేప బేరమాడి తెచ్చుకుంది.

నవంబరులో ఎనిమిదో తరగతికి స్కూలు తెరిచారు. గ్రౌండులో గడ్డి మోకాలెత్తు పెరిగింది. ఇమ్మానుయేలు పిల్లల్ని మాస్కులతో దూరందూరంగా నిలబెడుతున్నాడు. స్కూలు బస్సు దిగిన ఇందుజ వెనకాలే, జరీ అంచు చీర కట్టుకుని, మొహానికి మాస్కు పెట్టుకుని ఒక పెద్దావిడ మెల్లిగా గ్రౌండులోకి నడిచి వచ్చి నిలబడింది. ఎవరండీ మీరు అని అడగబోయి, నిలబడ్డ తీరు చూసి గుర్తుపట్టాడు. తను నేర్పినట్టే పాదాల మధ్య సరిగ్గా జానెడు ఎడం.

“మొన్న పన్నెండో లెక్క దగ్గర మాకు నెట్ పోయిందండీ మాస్టారూ” అంది నాగరత్నం. “తర్వాత ఏం చెయ్యాలో తెలియక అక్కడే ఆగిపోయాను. పదమూడు నుంచి చెప్పండి.”

ఇమ్మానుయేలు ఆవిణ్ణి ముందు వరసలో, ఇందుజ పక్కన నిలబెట్టాడు. నాయనమ్మ తన స్కూలుకొచ్చి తన పక్కనే డ్రిల్లు చేస్తుంటే ఎక్కడ తలదాచుకోవాలో తెలియక ఇందుజ గేటు వంక చూసింది. మాస్టారు పదమూడు అన్నారు. చేసేది లేక ఇందుజ కూడా చేతులెత్తింది.