గుట్ట రైలు బూడిద

ఈ మాట ఇప్పుడే చెప్పాలి. మేడ్చల్, శామీర్‌పేటల నడుమ ఒక రిసార్టువాళ్లు వచ్చే ఆదివారం పాత ఆవిరి ఇంజన్ నడపబోతున్నారు. "మా చిన్ననాటి గుట్ట రైలు సరిగ్గా ఇక్కడినుంచే పోయేది" అని కెమెరా ముందు చెప్పమని నన్ను అడిగారు. నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో రాయడానికే ఈ నాలుగు మాటలు...

మా చిన్నప్పుడు... ఎండ వాలుతుండగా రాళ్లగుట్ట దిక్కున పొగ లేచేది. మేడ్చల్ దగ్గర పెద్ద లైను నుంచి చీలి, శామీర్‌పేట వైపు గుట్ట దాకా వచ్చే చిన్న లైను అది. మనుషులెక్కే రైలు కాదు... కంకర మోసే రైలు. మాకు మాత్రం అదే గుట్ట రైలు.

కూత వినపడగానే మా అవ్వ, అంటే నాయినమ్మ, తట్ట అందుకునేది. ఇంజన్ గుట్ట కింద ఆగి, కడుపులోని బూడిదంతా పట్టాల పక్కన గుమ్మరించేది. అప్పటికే ఊరి ఆడవాళ్లు అక్కడ చేరి ఉండేవారు. నేను చెయ్యి పెట్టబోతే అవ్వ ఆపేది. "గంత జల్దీ ఏంది బిడ్డా? లోపల నిప్పుంటది. ముందుగాల నీళ్లు సల్లు."

చెంబెడు నీళ్లు చల్లగానే బుస్సుమని ఆవిరి... ఆ వాసనే తరువాత నా బతుకుతెరువు అయింది. బాయిలర్ల తనిఖీ నా వృత్తి.

బూడిదను ఇంటికి తెచ్చి వాకిట్లో జల్లెడ పట్టేవాళ్లం. సగం కాలిన బొగ్గు ముక్కలు కుంపటికి... శనగగింజంత ముక్కను కూడా అవ్వ వదిలేది కాదు. మిగిలిన మెత్తని బూడిదను మిరుగు కార్తె, అంటే మృగశిర, రాకముందే పొలానికి పోయే బండ్లబాట మీద పరిచేవాళ్లం. వానల్లో చక్రాలు దిగబడకుండా... ఎవరి పొలం ముందు బాటను వాళ్లే చూసుకోవాలి. ఎవరి ముక్క బురదగా ఉంటే ఆ ఇంటి ఆడవాళ్లకు ఏడాదంతా ఎత్తిపొడుపులే.

గుట్ట అవతలికి మాత్రం పిల్లలను పోనిచ్చేవారు కాదు. అక్కడ రాళ్లు పేల్చేవారు. నేను హాస్టల్లో చదువుకుంటున్న రోజుల్లో ఆ లైను మూతపడింది. సెలవులకు వచ్చి చూస్తే పట్టాలు లేవు... ఆ జాగాలో మేకలు మేస్తున్నాయి.

ఇన్నేళ్లకు, రిసార్టువాళ్లు కొన్న ఇంజన్ బాయిలర్‌ను పరీక్షించమని నాకు పిలుపు వచ్చింది. సంతోషంగా వెళ్లాను. బాయిలర్ గట్టిగా ఉంది. ఆ మాట వాళ్లకు చెప్పాను, మీకూ చెబుతున్నాను.

అయితే అక్కడి మేనేజరు తీరు నాకు అంతుపట్టలేదు. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ కాలనీలో ఇల్లు కట్టుకున్న మర్యాదస్తుడు. నేను ఇంజన్ గురించి అడిగితే ఆయన రిసార్టు కంచెను ఎక్కడిదాకా జరపాలో చెబుతున్నాడు. చివరకు గుట్ట అవతలికి తీసుకుపోయి, ఒక ఆకుకూరల మడి పక్కన తాము తవ్వించిన గుంత చూపించాడు.

"చూడండి మేడం, అంతా నల్లటి బూడిదే. ఇంకేం రుజువు కావాలండీ? రైలు దారంటే గవర్నమెంటుదే కదా... ఆవిడదెలా అవుతుంది?"

పట్టాలను ఆ మడి మీదుగా శామీర్‌పేట చెరువు కనిపించే దాకా పొడిగించాలని వాళ్ల ఆలోచన. ఆవిడ పేరు బాలమణి. ఆ మడిలో పండే ఆకుకూరలను అల్వాల్ తీసుకుపోయి అమ్ముకుంటుంది. గట్టు మీద కూర్చుని గోంగూర కట్టలు కడుతూ, తల ఎత్తకుండానే అంది: "అక్కా, మా పొలంలకెళ్లి రైలు వోయిందంట. మరి మా అత్త మేడ్చల్ దాక నడిసెందుకు వోయింది? ఎక్కి కూసుంటె అయిపోవు గద."

ఆయన కూడా నవ్వాడు. ఆయన ఫోను మోగి పక్కకు వెళ్లాక ఆమె గొంతు మారింది. "నవ్వుతున్న గని పరేషాన్ అయితాంది అక్కా. గీ ముక్క వోతే నాకు ఇంకో ముక్క లేదు."

నేను గుంతలోకి దిగి బూడిదను అరచేతిలో నలిపి చూశాను. ఒక్క బొగ్గు ముక్క లేదు. పట్టాల కింద వేసే కంకర లేదు... బూడిద అడుగున నేరుగా మట్టే. రెండు పక్కలా బండి చక్రాల ఒత్తిడి పడ్డట్టు పల్లాలు. ఇంజన్ గుమ్మరించిన బూడిద ఇలా ఉండదు. ఇది ఎవరో జల్లించి, తట్టలతో మోసి, బండ్లబాట మీద పరిచిన బూడిద.

మీ అత్తేనా మోసింది అని బాలమణిని అడిగాను. అవునంటే ఆమెకే మేలు. అయినా ఆమె అనలేదు. "నాకెట్ల ఎరుక అక్కా? నేను కాపురానికొచ్చెనాటికి రైలే లేకపాయె."

మేనేజరు తిరిగి వచ్చాక నేను చూసింది చెప్పాను. ఆయన చిరునవ్వుతో, అవన్నీ పాత జ్ఞాపకాలనీ, కెమెరా ముందు నేను ఊ అంటే చాలనీ అన్నాడు. అంత తేలికైన ఊ కోసం ఇంత మర్యాద ఎందుకో... నేను ఊ అనలేదు.

నా అనుమానం వాళ్ల మీదే కాదు, నా మీద కూడా. పట్టాల పక్కన కూడా ఆడవాళ్లు బొగ్గు ఏరుకునేవారు కదా, ఇక్కడి ముక్కలూ అలాగే పోయి ఉండవచ్చు... లైను కింది కంకరను ఇళ్ల పునాదులకు మోసుకుపోయి ఉండవచ్చు కదా... అందుకే నా మాటే ఆఖరి మాట అనను.

ఆదివారం పిల్లలను తీసుకుపోయి ఆ ఇంజన్‌ను చూపించండి. ఆ కూత వినవలసిందే. ఇప్పుడు మా బండ్లబాట మీద తారు పడింది... తుర్కపల్లి కంపెనీల క్యాబులు దాని మీదే పోతున్నాయి. కింద ఎవరి తట్ట బూడిద ఉందో అడిగేవారు లేరు. మీ ఇంట్లో ఎవరైనా ఆ బూడిద మోసి ఉంటే, ఏ బాట మీద పోశారో ఇక్కడ రాయండి. గుట్ట అవతలి ఊళ్లవాళ్లు తప్పకుండా రాయండి.

బాలమణి మడి పక్కన నేను చూసింది జల్లించిన బూడిద. అంతవరకే చెప్పగలను. గుట్ట అవతల పట్టాలు ఉండేవో లేవో నాకు తెలియదు.