పరదా రిక్షాలో మూడు మైళ్ళు

ఆ కాలంలో నడవడం ఒక ఘనకార్యమని ఎవరూ అనుకునేవారు కాదు. బస్సు రాకపోతే నడిచేవాళ్ళం, వచ్చినా జేబులో చిల్లర లేకపోతే నడిచేవాళ్ళం, ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద మొదలైన వాదన తెగకపోతే అది తెగేదాకా తార్నాక వరకూ నడిచేవాళ్ళం. అలాంటి చోట "మేం నడుస్తాం, మీరు డబ్బులివ్వండి" అని గడపగడపకూ తిరిగి అడిగిన ఘనుణ్ణి నేను. అరవై ఏడో, అరవై ఎనిమిదో సరిగ్గా గుర్తు లేదు. అప్పుడు ఎం.ఏ. రెండో సంవత్సరం. వయసు ఇరవై ఒకటి, బుద్ధి అంతకు చాలా తక్కువ.

ఆ ఆలోచన నాది కాదు, తెల్ల టీచరమ్మది. ఇంగ్లండు నుంచి వచ్చి, జీతం లేకుండా, భువనగిరి అవతల ఒక పల్లెలో పిల్లలకు చదువు చెప్పే అమ్మాయి. సెలవులకు క్యాంపస్‌లో మా ప్రొఫెసరుగారింట్లో ఉండేది. తెలుగంతా ఆ బడిపిల్లల దగ్గరే నేర్చుకుంది. "నువ్వు యాడికెల్లి వచ్చినవ్?" అని మొదటిసారి అడిగినప్పుడు, గుంటూరు జిల్లా నుంచి వచ్చిన నాకు ఆమె ఇంగ్లీషే తేలికనిపించింది. ఆ బడి కప్పు ముందటేడు గాలివానకు లేచిపోయింది. వానలు పడేలోగా రేకులు వేయించకపోతే బడి మూసేస్తామని ఊరి పెద్దలన్నారు. బడి మూస్తే ఆమెను ఇంకో దేశానికి పంపేస్తామని ఆమెను పంపిన సంస్థవాళ్ళు రాశారు. "నేను పోతే పోతి, మా పిల్లలు మల్ల బర్లెంబడి పోతరు" అని ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అది చూసి అక్కడికక్కడే నా జీవితాన్ని గ్రామీణ విద్యకు అంకితం చేశాను (పరీక్షలు అయ్యాక మొదలుపెట్టే షరతు మీద).

వాళ్ళ దేశంలో మైలుకు ఇంత అని చందా ఒప్పుకుంటారట. నడిచేవాళ్ళు నడుస్తారట, ఒప్పుకున్నవాళ్ళు ఇస్తారట. తార్నాకలో బయలుదేరి లాలాగూడ, వారాసిగూడ, ముషీరాబాద్ మీదుగా క్యాంపస్‌లోంచి మళ్ళీ తార్నాకకు, ఇలా రెండు చుట్లు కలిపి పన్నెండు మైళ్ళని లెక్క వేశాం. మొదటి ఇంటాయన నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు నడిస్తే నేనెందుకు పైసలియ్యాలె? గట్లయితే మా పాలాయన రోజూ నడ్సుకుంటనే వస్తడు, ఆయనకెన్ని ఇయ్యాలె?" అన్నాడు. ఎదురింటి పిన్నిగారు మా వైపువారే. "ఎండదెబ్బ తగిలితే మీ అమ్మకు ఎవరు జవాబు చెప్తారు నాయనా? ఇదిగో ఐదు రూపాయలు, నడవనని నాకు మాటివ్వు" అన్నారు. నేను మాటివ్వబోతుంటే టీచరమ్మ అడ్డుపడింది. నడవని నడకకు డబ్బు ముట్టకూడదట.

గట్టెక్కించింది తార్నాకలో మేం అద్దెకున్న ఇంటి యజమాని, టైంకీపర్ మామ అనేవాళ్ళం. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో టైంకీపరుగా పనిచేసి, ముప్పై ఏళ్ళు కార్మికుల హాజరు వేసి రిటైరైన మనిషి. "నాకు సమజయింది. హాజరుకు పైసలు, గైర్‌హాజరుకు కోత. గంతే కదా?" అని పాత రిజిస్టరు ఒకటి దులిపి తెరిచాడు. ఆయన చేతి మీద ఒక్క తప్పుడు హాజరు పడలేదని వీధంతటికీ తెలుసు. "టైంకీపర్ సాబ్ దస్తఖత్ పెడితే మేమూ ఇస్తం" అంటూ అందరూ పేర్లు రాయించుకున్నారు. రేకుల భారమంతా ఆయన సంతకం మీద పడింది.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం పొద్దున, హాజరు వేయడానికి మామ రిజిస్టరుతో కూర్చున్న మా ఇంటి ముందు నుంచే బయలుదేరాం. టీచరమ్మ తోలుచెప్పులతో, నేను ఆమె ముందు దర్జాగా ఉండాలని రూమ్మేటును బతిమాలి తెచ్చుకున్న బూట్లతో. మొదటి చుట్టు దర్జాగానే గడిచింది. రెండో చుట్టులో వారాసిగూడ వచ్చేసరికి మడమలు రెండూ బొబ్బలెక్కాయి. ముషీరాబాద్‌లో టీచరమ్మ మలుపు తిరిగి కనపడకుండా పోయింది, సరిగ్గా అప్పుడే ఒక రిక్షా కనపడింది. ఎక్కేశాను. దారిలో ఆమెను దాటి వెళ్ళాలి కదా? ఘోషా స్త్రీల కోసం ఆ రోజుల్లో రిక్షాలకు పరదాలుండేవి. "పరదా దించు" అన్నాను. రిక్షావాడు నా మీసాల వంక ఒకసారి చూసి దించాడు.

మా ఇల్లు దాటించి సందు చివర దింపమని చెప్పాను. కానీ ఇంటి ముందు బల్ల మీద మంచినీళ్ళ కుండ చూసి అతను బ్రేకు వేశాడు. పరదా సందులోంచి చూస్తే ఎదురుగా టైంకీపర్ మామ, రిజిస్టరు. ఆయన జనానా రిక్షా అని మర్యాదగా లేచి, గోడ వైపు మొహం తిప్పుకుని నిలబడ్డాడు. "ఏమే, లోపట ఎవరో ఆడిమనిషి ఉన్నట్టున్నది. ఎండల వడి వచ్చింది, ఇంత సల్ల పొయ్యి" అని భార్యను కేకేశాడు. అత్తమ్మ మజ్జిగ గ్లాసుతో వచ్చి పరదా తొలగించింది, నన్ను చూసింది. మొహంలో ఒక్క గీత కదల్లేదు. గ్లాసు నా చేతిలో పెట్టి, పరదా మూసి, "పాపం, నెలలు నిండిన పిల్ల. దవఖానకు పోతున్నదట" అంది. "జల్ది తోలు, జల్ది తోలు!" అని మామ గోడతోనే అరిచాడు.

సందు చివర దిగి కుంటుకుంటూ వచ్చాను. నా పేరు ఎదురుగా పన్నెండు మైళ్ళూ పడ్డాయి. అరగంటకు టీచరమ్మ వచ్చింది, ఎండకు కందిపోయిన మొహంతో. నన్ను చూసి రెండు చేతులూ పట్టుకుని, "నాకంటె ముందే వచ్చినవా! మా పిల్లలకు చెప్త, నీ లెక్క నడవాలె అని" అంది. ఇంకో మాటైతే ఓర్చుకునేవాణ్ణేమో. ఆ పిల్లల పేరెత్తేసరికి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"మామయ్యగారూ, నేను రిక్షాలో వచ్చానండీ" అన్నాను.

మామ కలం కిందపెట్టి, నా వైపు కాదు, మెల్లగా భార్య వైపు తిరిగాడు. నేను ఒప్పుకున్నది నా తప్పొక్కటే కాదని అప్పటికి గాని నాకు తట్టలేదు. "అయితే, కాన్పు మంచిగయిందా?" అన్నాడాయన. "బడి మూస్తరు కదా అని..." అని అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన రిజిస్టరు దగ్గరికి లాక్కున్నాడు. చందాలు పోయినట్టే అనుకున్నాను. చివరకు, "యాడ ఎక్కినవో గాడికెల్లి నడువు" అని నాతో, "తప్పుడు హాజరు ఏయించినందుకు నువ్వు సుత నడువు" అని భార్యతో అన్నాడు. టీచరమ్మ లేవబోతే, "నీ హాజరు అయిపోయింది బిడ్డా, కూసో" అన్నాడు. సందు చివర నీడలో ఆగి ఉన్న అదే రిక్షాలో మమ్మల్నిద్దరినీ ముషీరాబాద్‌లో దింపించి, తాను పరదా ఎత్తి కట్టించుకుని, రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని, మా వెనకే వచ్చాడు.

బూట్లు చేత్తో పట్టుకుని నేను, కొంగు బిగించి అత్తమ్మ. ఆమె నాకంటే హుషారుగా నడిచింది. అర మైలు దూరంలో కాపురముంటూ క్యాంపస్ లోపలికి అదే మొదటిసారి రావడమట. ఆర్ట్స్ కాలేజీ ముందు ఆగి, తలెత్తి చూసి, "గింత పెద్ద బడా!" అంది. కొంచెం దూరం నడిచాక, "గా ఊర్ల బడికి రేకులు ఏస్తె, నా అసొంటి ముసల్దాన్ని సుత ఒక్కదినం కూసోనిస్తరా బిడ్డా? నేను ఎన్నడు బడికి పోలే" అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

సంతకం పడింది, చందాలు వచ్చాయి, వానలకు ముందే రేకులు పడ్డాయి. ఆ రేకుల కింద బడి తెరిచిన రోజు పిల్లల మధ్య చాప మీద అత్తమ్మ కూర్చుంది, టీచరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని పలక మీద 'అ' దిద్దించింది. టైంకీపర్ మామ కిటికీ బయట నిలబడి ముక్కు చీదుకున్నాడు.

నిజం ఒప్పుకుని బడిని నిలబెట్టానని నేను చాలా రోజులు ఛాతీ విరుచుకు తిరిగాను. ఆ మూడు మైళ్ళూ నిజాయితీగా నడిచేసి ఉంటే అత్తమ్మ నాతో వచ్చేదే కాదు, ఆ మాట అడిగేదే కాదు. అందుకే పరదా వెనక నక్కి కూర్చున్న ఆ ఇరవై ఒక్కేళ్ళ వెధవను తిడదామని ఎన్నిసార్లు నోరు తెరిచినా, నవ్వే వస్తుంది నాకు.